ఒకే బరువున్న రెండు ఇంగ్లిష్ విల్లో బ్యాట్లు: ఏది తీసుకోవాలి?

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అబ్బాయికి పదిహేనేళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ప్రొద్దుటూరులో మ్యాట్ మీద లెదర్ బాల్‌తో ప్రాక్టీసు చేస్తున్నాడు, ఈసారి జిల్లా అండర్-16 సెలక్షన్లకు పోతున్నాడు. కర్నూలులో ఒక షాపులో ఒకే కంపెనీవి రెండు ఇంగ్లిష్ విల్లో (ఇంగ్లండ్‌లో పెరిగే విల్లో చెట్టు చెక్క) బ్యాట్లు చూశారు. రెండూ షార్ట్ హ్యాండిల్ (పెద్దవాళ్ల సైజు), రెండూ 1180 గ్రాములు. మొదటిది తెల్లగా, ముఖం మీద పది నిలువు గీతలతో, అంటే పది గ్రెయిన్లతో ఉంది, 19,000 రూపాయలు. రెండోదానికి ఆరే గ్రెయిన్లు, ఒక ఎడ్జ్ (పక్క అంచు) వెంబడి ఎర్రటి చార, 16,500 రూపాయలు. షాపాయన మొదటిదే తీసుకోమంటున్నాడు. మీ వాడు రెండోది చేతికి బాగుందంటున్నాడు. తక్కువ ధరది కొంటే తర్వాత బాధపడాల్సి వస్తుందేమోనని మీ భయం.

రెండోదే తీసుకోండి. కాకపోతే డబ్బు కట్టేముందు ఒక పరీక్ష చేయండి. రెండు బ్యాట్ల టో (బ్యాటు కింది చివర) దగ్గరి బరువు విడిగా తూచి చూడండి, ఎలాగో కింద రాస్తాను. అందులో రెండోది బాగా ఎక్కువ తూగితే మాత్రం నా మాట పక్కన పెట్టి, మూడో బ్యాటు చూపించమని అడగండి.

నేను అనంతపురంలో పిల్లలకు క్రికెట్ నేర్పుతాను, సాయంత్రాలు బ్యాట్లు రిపేరు చేస్తాను. హ్యాండిల్ మార్చడం, పగిలిన టో అతికించడం, గ్రిప్పులు వేయడం చాన్నాళ్లుగా చేస్తున్న పని. షాపులో మెరిసిన బ్యాటు రెండేళ్ల తర్వాత ఏ రూపంలో నా దగ్గరికి వస్తుందో చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు గ్రెయిన్ల సంగతి. బ్యాటు ముఖం మీద నిలువుగా కనిపించే ఒక్కో గీత ఆ చెట్టు ఒక్కో ఏడాది పెరుగుదల. పది గ్రెయిన్లంటే ఆ ముఖం వెడల్పుకు చెట్టు పదేళ్లు నిదానంగా పెరిగింది, ఆరంటే తొందరగా పెరిగింది. అంతే. బంతి ఎంత దూరం పోతుందో గ్రెయిన్లు లెక్కపెట్టి చెప్పలేం. మా వృత్తిలో అందరూ ఒప్పుకునే తేడా ఒకటుంది. దగ్గర దగ్గర గ్రెయిన్లున్న బ్యాటు కొన్న కొత్తలోనే బాగా ఆడుతుంది, తొందరగా అలిసిపోతుంది కూడా. గ్రెయిన్లు దూరంగా ఉన్నది తెరుచుకోవడానికి, అంటే బాగా ఆడటం మొదలవడానికి, ఇంకొన్నాళ్లు పడుతుంది, కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. దీనికి మినహాయింపులు చాలానే చూశాను కాబట్టి ఇదేమీ రాతిమీద గీత కాదు.

ఎర్ర చార చెట్టు నడిబొడ్డు చెక్క. మిగతా చెక్క కంటే కొంచెం గట్టిగా, సాంద్రంగా ఉంటుంది. చూపుకు నచ్చదు కాబట్టి గ్రేడు తగ్గిస్తారు, ధర తగ్గుతుంది. గ్రేడు అనేది ప్రధానంగా కంటితో వేసే మార్కు. ఇంగ్లండ్ నుంచి వచ్చే విల్లో చెక్కల్ని రంగు, గీతల తీరు, మచ్చలు, ముడులు చూసి వేరు చేస్తారు. మీరట్‌లోనో జలంధర్‌లోనో వాటిని యంత్రంలో అదిమి, చెక్కి, బ్యాటు చేస్తారు. ఆ అదమడం సరిగ్గా కుదిరిందా లేదా అన్నదాని మీదే స్ట్రోక్, అంటే బంతి తగలగానే ఎగిరే తీరు, చాలావరకు ఆధారపడి ఉంటుంది, అది గ్రేడు స్టిక్కర్‌లో కనిపించదు. ఎక్కువ అదిమితే బంతి రాయికి తగిలినట్టు చప్పగా పోతుంది. తక్కువ అదిమితే మొదటి వారంలోనే సొట్టలు పడతాయి. పైగా గ్రేడు వన్, గ్రేడు వన్ ప్లస్, ప్లేయర్స్ ఎడిషన్ లాంటి పేర్లు ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్నవి. ఒకరి గ్రేడు టూ ఇంకొకరి గ్రేడు వన్ కంటే బాగా ఆడటం మామూలే.

మీ వాడు వారంలో ఎక్కువ రోజులు నెట్స్‌లో ఉంటాడు, అదీ మ్యాట్ మీద. అతనికి మొదటి నెలలో వచ్చే మెరుపు కంటే రెండు సీజన్లు నిలిచే చెక్క ముఖ్యం. ఆరు గ్రెయిన్ల వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయం. తూకంలో ఒకే బరువున్న రెండు బ్యాట్లు చేతిలో ఒకే బరువుండవు. 1180 గ్రాముల్లో ఎంత భాగం హ్యాండిల్ వైపు ఉంది, ఎంత టో వైపు ఉంది అన్నదాన్ని బట్టే బ్యాటు లేస్తుందా, మణికట్టును కిందికి లాగుతుందా అన్నది తేలుతుంది. బ్యాటు వెనక చెక్క బాగా మందంగా ఉండే చోటు, అంటే ఉబ్బు, కిందికి దిగితే బరువు ముందుకు పోతుంది. టో దగ్గర చెక్క మందంగా వదిలితే ఇంకా ముందుకు పోతుంది. హ్యాండిల్ కేన్ (బెత్తం) బరువైనదైతే వెనక్కి వస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు "సార్, ఈ బ్యాటు ఊరికే ముందరికి పడతాంది" అంటే వాళ్లు చెప్తున్నది దీన్నే. మీ వాడు రెండోది చేతికి బాగుందన్నాడు చూడండి, ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పదిహేనేళ్ల పిల్లోడు కారణం చెప్పలేకపోవచ్చు, చెయ్యి మాత్రం సరిగ్గానే చెప్తుంది.

దాన్ని అంకెల్లోకి తెచ్చుకునే పద్ధతి ఇదీ. కిరాణా షాపుల్లో ఉండే డిజిటల్ కాటా చాలు. కాటా మీద ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టండి. కాటా ఎత్తుకు సరిపడా పుస్తకాలు పేర్చి వాటి మీద ఇంకో పెన్సిల్ పెట్టండి. బ్యాటు టో చివర కాటా మీది పెన్సిల్‌పై, హ్యాండిల్ పై చివర పుస్తకాల మీది పెన్సిల్‌పై ఆనేలా బ్యాటును అడ్డంగా పడుకోబెట్టండి. కాటా చూపించే అంకె టో బరువు. ఉదాహరణకు 85 సెంటీమీటర్ల పొడవు, 1180 గ్రాముల బరువు ఉన్న బ్యాటు ఎటూ వాలకుండా తులతూగే చోటు హ్యాండిల్ పై నుంచి 52 సెంటీమీటర్ల దగ్గర ఉంటే కాటా సుమారు 722 గ్రాములు చూపిస్తుంది. అదే 54 సెంటీమీటర్ల దగ్గర ఉంటే 750 వస్తుంది. కాగితం మీద తేడా 28 గ్రాములే. కానీ పుల్ షాట్‌కు బ్యాటు తిప్పేటప్పుడు అది స్పష్టంగా తెలుస్తుంది, అలసిపోయాక ఇంకా బాగా తెలుస్తుంది.

పది గ్రాముల లోపు తేడా ఉంటే పట్టించుకోకండి. ఇరవై దాటి రెండోది తక్కువ చూపిస్తే దానికే నా ఓటు, ఎక్కువ చూపిస్తే పైన చెప్పినట్టు మూడో బ్యాటు అడగండి. అలాగని టో మరీ తేలికగా ఉన్నది గొప్పదని కాదు. కింద చెక్క మరీ తీసేసిన బ్యాటుతో యార్కర్ ఆడితే చేతులు జివ్వుమంటాయి, బంతి ముందుకు పోదు.

తూచేముందు రెండింటికీ ఉన్న అలంకారాలు ఒకటేనా చూడండి. చానా మంది పొరబడేది ఇక్కడే. ఒకదాని ముఖానికి ప్లాస్టిక్ షీటు, టోకు రబ్బరు గార్డు వేసి ఉంటాయి, ఇంకోదానికి ఉండవు. ఒకదానికి ఒక గ్రిప్పు, ఇంకోదానికి రెండు. గ్రిప్పు ఒక్కటే దాదాపు 50 గ్రాములు ఉంటుంది. రెండో గ్రిప్పు వేస్తే మొత్తం బరువు పెరుగుతుంది గానీ, అది హ్యాండిల్ వైపు పడుతుంది కాబట్టి చేతికి బ్యాటు తేలికైనట్టే అనిపిస్తుంది. షీటు, టో గార్డు దీనికి తలకిందులు. ధర్మవరం నుంచి ఒకమ్మాయి మా దగ్గర ఆడేది. 1120 గ్రాముల బ్యాటు పట్టుకుని బరువుగా ఉందనేది, ఇంట్లోవాళ్లు ఇంకా తేలికైన బ్యాటు కొనడానికి సిద్ధమయ్యారు. చూస్తే టోకు మందపాటి గార్డు, హ్యాండిల్‌కు పల్చటి గ్రిప్పు. గార్డు పల్చటిది వేసి, పాత గ్రిప్పు మీద ఇంకోటి ఎక్కించాం. ఆ సీజనంతా అదే బ్యాటుతో ఆడింది.

ఇంకో చిన్న మాట. కొన్ని బ్యాట్ల మీద బరువు పౌండ్లలో రాసి ఉంటుంది, షాపులో "రెండు తొమ్మిది" అంటారు. అది 2 పౌండ్ల 9 ఔన్సులు, అంటే సుమారు 1162 గ్రాములు. దశాంశం అనుకుని 2.9 పౌండ్లుగా లెక్కేస్తే ఒక కేజీ మూడు వందలు దాటుతుంది, అనవసరంగా కంగారు పడతారు. ఏ లెక్కలో రాసి ఉన్నా స్టిక్కర్‌ను నమ్మకుండా మీ ఎదురుగా తూయించుకోండి.

స్ట్రోక్ చూడటం. షాపాయన చెక్క సుత్తితో ఠంగుమని కొట్టి వినిపిస్తాడు, బలమంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆ శబ్దంతో నిర్ణయించుకోవద్దు. ఒక పాత లెదర్ బంతి తీసుకెళ్లండి. మీ వాణ్ణి బ్యాటు ముఖం పైకి ఉండేలా రెండు వేళ్లతో హ్యాండిల్ వదులుగా పట్టుకోమనండి. మీరు అదే బంతిని అదే ఎత్తు నుంచి టో మొదలుకుని రెండేసి అంగుళాలు పైకి జరుపుతూ మెల్లగా వదలండి. పుచ్చకాయ తట్టి చూసినట్టే, మంచి చోట శబ్దం గుండ్రంగా వస్తుంది, చేతికి అదురు రాదు, బంతి తనంతట తాను లేస్తుంది. ఆ మంచి చోటు ఎన్ని అంగుళాల మేర ఉందో రెండింటిలో పోల్చండి. ఒక్క బిందువు దగ్గర బాగా లేచి, రెండు అంగుళాలు ఇటు జరగ్గానే చచ్చిపోయే బ్యాటు కంటే, కొంచెం తక్కువ లేచినా ఐదారు అంగుళాల మేర ఒకే తీరుగా ఉన్నదే మంచిది. పిల్లలు ప్రతి బంతినీ నడిమధ్యలో కొట్టరు కదా.

ఆ మంచి చోటు ఎంత ఎత్తులో ఉండాలన్నది మీ వాడు ఆడే పిచ్‌ను బట్టి. నల్లరేగడి మట్టితో వేసిన టర్ఫ్ ఆడేకొద్దీ నెమ్మదించి బంతి కిందే ఉంటుంది, దానికి ఉబ్బు కిందికి ఉన్న బ్యాటు నప్పుతుంది. ఎర్రమట్టి మీద బౌన్స్ ఎక్కువ. గట్టి నేల మీద బిగించి పరిచిన మ్యాట్ మీద ఇంకా లేస్తుంది, బంతి తొడ ఎత్తుకు వస్తూనే ఉంటుంది. మీ వాడు రోజూ ఆడేది మ్యాటే కాబట్టి ఉబ్బు మధ్యలో, అంటే టో నుంచి సుమారు తొమ్మిది అంగుళాల చుట్టూ ఉన్నది చూడండి. సెలక్షన్లలో టర్ఫ్ తగిలినా మధ్యలో ఉబ్బున్న బ్యాటు ఇబ్బంది పెట్టదు. కిందికి ఉబ్బున్నదైతే మ్యాట్ మీద సగం బంతులు మిడిల్‌కు పైనే తగులుతాయి. రెండు బ్యాట్లనూ పక్కపక్కన నిలబెట్టి పక్కనుంచి చూస్తే ఉబ్బు ఎక్కడుందో ఇట్టే కనిపిస్తుంది.

మందపాటి ఎడ్జ్ చూసి మోసపోవద్దు. 2017 అక్టోబరు నుంచి నియమాల ప్రకారం ఎడ్జ్ 40 మిల్లీమీటర్లు, మొత్తం మందం 67 మిల్లీమీటర్లు, వెడల్పు 108 మిల్లీమీటర్లు దాటకూడదు. అదే 1180 గ్రాముల్లో ఎడ్జ్ లావుగా కావాలంటే చెక్క ఎక్కడో ఒకచోట తీసేయాలి, వెనక వెన్నుకు రెండు పక్కలా లోతుగా చెక్కుతారు. లేదంటే చెక్కను బాగా ఆరబెట్టి తేలిక చేస్తారు. ఇలా ఆరబెట్టడమే మన సీమకు ప్రమాదం.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. విల్లోలో కొంత తేమ ఉండాలి, సాధారణంగా పది పన్నెండు శాతం. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన. మార్చి నుంచి జూన్ దాకా గాలిలో చెమ్మే ఉండదు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కడప, ప్రొద్దుటూరు వైపు ఎండ ఎట్లుంటుందో నేను మీకు చెప్పనక్కర్లేదు. అసలే ఆరబెట్టిన చెక్క ఇక్కడికొచ్చి ఇంకా ఆరితే పెళుసుగా మారుతుంది. ఎడ్జ్‌లు పొరలు లేస్తాయి, ముఖం మీద గ్రెయిన్ వెంబడి చీలిక వస్తుంది. తాడిపత్రి నుంచి ఒక కుర్రాడు పన్నెండు గ్రెయిన్ల ఖరీదైన బ్యాటు తెచ్చాడు, ఒక్క వేసవికే ముఖం నిలువునా విచ్చుకుంది. ఎక్కడ పెట్టేవాడివని అడిగితే రేకుల గదిలో, కిట్ బ్యాగులో అన్నాడు. జిగురు పెట్టి, దారం చుట్టి ఇచ్చాను గానీ మునుపటి స్ట్రోక్ రాలేదు. కాబట్టి కారు డిక్కీలో, రేకుల కింద, మిద్దె మీది గదిలో బ్యాటు పెట్టనీయకండి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, నేల మీద కాకుండా కాస్త ఎత్తులో ఉంచండి. మీరు చూసిన రెండింటిలో ఏదైనా ఎడ్జ్ చూడటానికి మరీ లావుగా ఉండి, చేతికి మాత్రం దూదిలా అనిపిస్తే అది బాగా ఆరిన చెక్క అయ్యుండొచ్చు. మొదటిదాని ఎడ్జ్ 40కి దగ్గర, రెండోది 36, 37 అని మీరే రాశారు. రెండోది నాకు నచ్చడానికి ఇది రెండో కారణం.

ఇక తొందరగా చూసుకోవాల్సినవి. హ్యాండిల్ పై నుంచి ఒక కన్ను మూసి కిందికి చూడండి, హ్యాండిల్, బ్లేడు ఒకే గీతలో ఉండాలి. హ్యాండిల్ చెక్కలోకి దిగిన అతుకు దగ్గర గోరు పట్టే సందు ఉండకూడదు. గ్రెయిన్లు టో దాకా నిటారుగా దిగాలి, కింది భాగంలో ఎడ్జ్ వైపుకు ఒరిగి బయటికి పోతే అక్కడే చీలుతుంది. వెనక స్టిక్కర్ల పక్కన వేలితో తడిమి ముడులేమైనా దాచారేమో చూడండి. ముఖానికి షీటు వేసి ఉంటే దాని కింద గీత ఉందేమో వెలుతురులో వంచి చూడండి. పేరుపొందిన స్టిక్కర్ వేసి కశ్మీరు విల్లోను ఇంగ్లిష్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. కశ్మీరుది గోధుమరంగుకు తిరిగి, అదే సైజులో బరువుగా ఉంటుంది. బిల్లు మీద ఇంగ్లిష్ విల్లో అని రాయించుకోండి.

బరువు గురించి నా అభిప్రాయం ఒకటి దాచుకోలేను. పదిహేనేళ్ల పిల్లోడికి 1180 కొంచెం ఎక్కువే. అదే మోడల్‌లో 1140, 1150 దొరికితే నేను అటే పోతాను. సచిన్ సుమారు మూడు పౌండ్ల బ్యాటుతో ఆడాడని చెప్పి చాలామంది తండ్రులు బరువైనది కొంటారు. ఆ చేతుల బలం, ఆ టైమింగ్ వేరు. చేతికి మించిన బ్యాటు పట్టినవాడు పుల్, కట్ ఆలస్యంగా ఆడతాడు, తర్వాత ఆ షాట్లే మానేస్తాడు. మానేసిన షాట్ మళ్లీ నేర్పడం కోచ్‌గా నాకు తెలుసు ఎంత కష్టమో. సైజు సంగతికొస్తే, 5 అడుగుల 6 అంగుళాలకు హారో (షార్ట్ హ్యాండిల్ కంటే ఒక సైజు చిన్నది), షార్ట్ హ్యాండిల్ రెండూ సరిహద్దులో ఉంటాయి. ఇంకా పెరిగే వయసు కాబట్టి షార్ట్ హ్యాండిల్ సరే. పై చెయ్యి ఒక్కదానితోనే బ్యాటు వెనక్కి ఎత్తి, పది లెక్కపెట్టేదాకా మణికట్టు వంగకుండా నిలబెట్టమనండి. నిలబెట్టలేకపోతే గ్రెయిన్లు, గ్రేడులు అన్నీ వదిలేసి తేలికైనది వెతకండి.

మిగిలే 2,500 రూపాయల్లో ముందు టో గార్డు వేయించండి. మ్యాట్ మీద స్టాన్స్‌లో టో తడుతూ ఉంటే పీచు గరుకుకు కిందిభాగం అరుగుతుంది, పొద్దున్నే తడి మ్యాట్ అయితే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తర్వాత పచ్చి అవిసె నూనె, మరిగించింది కాదు, ఒక చెంచాడు ముఖానికి, ఎడ్జ్‌లకు, టోకు పల్చగా పూయండి. స్టిక్కర్లకు, హ్యాండిల్ అతుకుకు తగలనీయకండి. ఒక రోజు పడుకోబెట్టి ఆరనిచ్చి ఇంకోసారి పూయండి. షీటు ముందే వేసి ఉంటే ముఖానికి నూనె ఎక్కదు, షీటు లేనిచోట మాత్రమే పూయాలి. ఆపైన చెక్క సుత్తితో నాకింగ్ (ముఖాన్ని తట్టి తట్టి గట్టిపరచడం) చేయించండి, మొత్తం ఐదారు గంటలు, రోజుకు అరగంట చొప్పున. మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుతూ పోవాలి. ఎడ్జ్‌లను నేరుగా కొట్టకూడదు, ముఖం వైపు నుంచి వంపుగా తట్టుకుంటూ గుండ్రం చేయాలి. "రెడీ టు ప్లే" అని రాసున్నా ఇది తప్పదు. ఆ తర్వాత నెట్స్‌లో పాత బంతులతో థ్రోడౌన్లు (దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులు) ఆడించి, అప్పుడే కొత్త బంతికి దించండి.

సెలక్షన్లు మూడు వారాల్లో ఉన్నాయన్నారు. అందుకని ఈ ఆదివారమే కొనేసి, నాకింగ్ పూర్తయ్యేదాకా మీ వాణ్ణి పాత బ్యాటుతోనే ఆడమనండి. షాపులో తూచాక రెండు బ్యాట్ల టో బరువులూ, గ్రిప్పులు ఎన్నున్నాయో, షీటు ఉందో లేదో ఇక్కడ రాయండి. తేడా పది, ఇరవై గ్రాముల మధ్య వచ్చి తేల్చుకోలేకపోతే ఉబ్బు కనిపించేలా పక్కనుంచి తీసిన ఫొటో కూడా పెట్టండి, చూసి చెప్తాను.